మంచు దారిలో చంద్రిక

బయట ఎడారి దేశపు యాభై డిగ్రీల ఎండ. సాల్మియాలోని ఆ ఫ్లాట్‌లో మాత్రం వణుకు పుట్టేంత చలి.

గోడంత టీవీలో మంచు కప్పిన అడవి. చెట్ల మధ్య సన్నటి దారి. పనివాళ్ళంతా మామా అని పిలిచే ఇంటి యజమానురాలు వ్యాయామ యంత్రం మీద నిలబడి, రెండు చేతులా కర్రలు పట్టుకుని, ఆ దారిలో స్కీయింగ్ చేస్తున్నట్టే కాళ్ళు జారిస్తోంది. అరవై రెండేళ్ళ మనిషి. రోజూ పొద్దున్నే ఇదే పని.

ఉన్నట్టుండి ఆగి వెనక్కి తిరిగింది.

"వస్తోందా?"

"ఎవరూ లేరు మామా," అంది మణి, తువ్వాలు అందిస్తూ.

అంది గానీ, మామా ఎవరికోసం చూస్తోందో తనకి తెలుసు.

పదకొండేళ్ళ కిందట మణి తల్లి చంద్రిక ఇదే ఇంట్లో పనిచేసేది. వీళ్ళతో సెలవులకని బోస్నియా వెళ్ళింది. రాజోలుకి పెట్టెలో తిరిగొచ్చింది. గుండె ఆగి పోయిందని కాగితం. ఏనాడూ జ్వరంతో కూడా మంచం ఎక్కని మనిషి. అసలేం జరిగిందో తెలుసుకోవాలని పద్నాలుగేళ్ళ మణి ఆ రోజే గట్టిగా అనుకుంది. మొన్నామధ్య ఏజెంటు తెచ్చిన వీసా మీద, అమ్మ నివాస కార్డు ఇఖామాలో చూసిన కఫీల్, అదే యజమాని, పేరే కనబడేసరికి, ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టేసింది. వచ్చి మూడు నెలలైంది. తను ఎవరి కూతురో ఇక్కడ నోరు విప్పి చెప్పలేదు.

ఇక్కడికి దగ్గర్లోనే ఫహాహీల్‌లో ఉండే పిన్ని సూర్యావతి ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది.

"ఏమే, ఇంకా తేల్లేదా? మొహమ్మీదే అడిగెయ్యకూడదా?"

"అడిగితే ఇంటికి పంపేత్తాది పిన్నీ. తనే చెప్తంది కదా, చెప్పనీ."

నిజమే. మణి కాళ్ళు పడుతుంటే, మామా కళ్ళు మూసుకుని రోజూ ఆ ఒక్క రోజు గురించే చెప్పేది.

ఇంట్లో వాళ్ళు హోటల్లోనే ఉండిపోయారట. ఇద్దరే అడవి దారి పట్టారట. చంద్రిక మొదట మూడుసార్లు పడి, పడినప్పుడల్లా నవ్విందట. మధ్యాహ్నానికల్లా మామా కంటే ముందు పోయిందట. "చేలగట్ల మీద నడిచిన కాళ్ళు మామా, ఇదెంత!" అందట. నాలుగింటికి మామా చీలమండ మడతపడింది. ఫోన్లు పనిచెయ్యలేదు. మంచు కురవడం మొదలైంది. మనుషుల్ని తీసుకొస్తానని చంద్రిక ఒక్కతే వెళ్ళింది. దారి రెండుగా చీలిన చోట తప్పు వైపు తిరిగింది. మామా ఆ సాయంత్రమే వెతికేవాళ్ళకి దొరికింది. చంద్రిక మర్నాడు దొరికింది.

"తన కోటు నా ఒంటిమీద ఉంది. అందుకే బతికాను."

రోజూ అక్కడితో ఆపేసేది. ఇవాళా, యంత్రం దిగి కాళ్ళు పట్టించుకుంటూ, అక్కడే ఆపేసింది.

"కోటు తనే ఇచ్చిందా మామా?" మణి ఉండబట్టలేక అడిగేసింది.

టీవీలో స్కీలు సర్రుమంటున్నాయి.

"లేదు. నేనే విప్పమన్నాను. 'నేను చాలా దూరం పోవాలి కదా మామా' అంది. నాకు చలేస్తోంది, విప్పు అన్నాను. నా మాట ఎన్నడూ కాదనలేదు. విప్పి నాకు తొడిగి, గుండీలు కూడా తనే పెట్టి వెళ్ళింది."

మణి చేతులు ఆగిపోయాయి. ఆ కాళ్ళని విసిరికొట్టి లేచిపోవాలనిపించింది. నేనెవరో తెలుసా అని అరవాలనిపించింది. మళ్ళీ కాళ్ళు పట్టడం మొదలెట్టింది.

"ఇంట్లో వాళ్ళకి తెలుసా?"

"ఎవరికీ చెప్పలేదు."

"మరి నిన్నగాక మొన్న పనికొచ్చినదాన్ని, నాకెందుకు చెబుతున్నారు మామా?"

మామా కళ్ళు తెరిచింది. వంగి, మణి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తింది.

"చంద్రిక కూతురు ఎక్కడుందో వెతికించి, వీసా పంపి పిలిపించుకున్నది ఇది చెప్పడానికే."