ఎదుటి హోటల్ కిటుకు

పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు. కమ్యూనిస్టుల కోసం పోలీసులు ఊరూరా గాలిస్తున్న రోజులు. కోదాడ బస్సు సూర్యాపేటలో ఆగితే జనమంతా ఎదుటి హోటల్‌కే పోతున్నారు. ఆ కిటుకేమిటో తేల్చకపోతే తన చాయ్ హోటల్ మూతపడేలా ఉందని మైసయ్య పొద్దున్నే పోయి అక్కడే కూర్చున్నాడు.

మధ్యాహ్నం వెనక వాకిలి నుంచి వచ్చి, పొయ్యి దగ్గరున్న భార్యకు గొప్పగా చెప్పాడు.

"దొరికిందే బుచ్చమ్మా! మన దగ్గర అడిగినట్టే గాడ గూడ ఒక్కొక్కని పక్కన కూసోని అడిగిన. ఏ ఊరు, ఎవరింటికి పోతున్నవ్, గీ హోటల్‌కే ఎందుకొచ్చినవ్ అని. ఒక్కడు జవాబియ్యలే. గటగట తాగి లేచిపోయిండ్రు. గదే కిటుకు! గాడ ఎవ్వరూ ఎక్కువసేపు కూసోరు."

బుచ్చమ్మ చెమట తుడుచుకుంది.

"లేచినోళ్లంతా గీడికే వచ్చిండ్రు. గాడ ఎవడో సీఐడీ కూసోని ఊరూ పేరూ అడుగుతున్నడంట. ఇన్ని దినాలు వాడు గీడనే ఉండెనంట. గందుకే మన దిక్కు రాలేదంట!"

మైసయ్య బిత్తరపోయి ముందుగదిలోకి తొంగిచూశాడు. బల్లలన్నీ నిండి ఉన్నాయి. అతన్ని చూడగానే ఇద్దరు గ్లాసులు దించి లేవబోయారు.

"ఓ పెద్దమనిషీ!" బుచ్చమ్మ అందరికీ వినబడేలా కేకేసింది. "గీడ జాగా లేదు. ఎదురు హోటల్‌కు పో!"