ఉత్తరం వైపు తెల్లటి మంచు

"అక్కా, మంచు చీలిపోయింది! ఒడ్డుకూ మాకూ నడుమ నీళ్లు వచ్చేసినాయి. ఏ పక్కకు పోవాల?"

గ్రీన్‌లాండ్‌లో, గడ్డకట్టిన సముద్రం మీద నిలబడి శాటిలైట్ ఫోన్‌లో అరుస్తున్నాడు ఇష్తియాక్. మంచు మందాన్ని కొలిచే పరికరాలు బిగించడానికి ఒక బృందంతో వెళ్లాడతను. ఉపగ్రహ చిత్రాలు చదివి వాళ్లకు దారి చెప్పే ఉద్యోగం రియాద్‌లో ఉన్న అతని అక్క జాహెదాది.

జాహెదా కంప్యూటర్ మీదికి వంగింది. పొద్దుటి చిత్రంలో ఉత్తరం వైపు తెల్లగా మంచు పరుచుకుని ఉంది. దక్షిణమంతా నలుపే.

"ఉత్తరానికి పోరా! దక్షిణం పక్క ఒట్టి నీళ్లు."

"మినిక్ తాత దక్షిణానికే పోదామంటాండాడు." మినిక్ వాళ్లకు తోడు వచ్చిన, అక్కడి ఇనూయిట్ తెగ వేటగాడు. "ఈటెతో పొడిచి చూసినాడు. ఉత్తరం మంచును అడుగున నీళ్లు తినేస్తాండాయంట. నీ ఫొటోలో నల్లగా కనపడేది నీళ్లు కాదు, నున్నటి గట్టి మంచంట."

"నాలుగేండ్లుగా ఇదే పని చేస్తాండా. ఆయన మాట వింటే మునిగిపోతావు. అమ్మ మీద ఒట్టు, ఉత్తరానికే పో!"

గాలి హోరులో ఇష్తియాక్ గొంతు సన్నగా వినిపించింది.

"సరేక్కా, నువ్వు చెప్పినట్టే..."

లైన్ తెగిపోయింది.

జాహెదా మళ్లీ చేసింది. మళ్లీ మళ్లీ చేసింది. గ్రీన్‌లాండ్ సహాయక కేంద్రానికి ఫోన్ చేస్తే, పొగమంచు విడిచేదాకా హెలికాప్టర్ లేవదన్నారు. బయట మసీదులో అసర్ అజాన్, సాయంత్రపు నమాజు పిలుపు, మొదలైంది.

రెండు గంటల తర్వాత కొత్త చిత్రం వచ్చింది. పక్క సీటు కుమార్ దాన్ని తెరిచి, చప్పున మూసేయబోయాడు.

"చూడొద్దు మేడమ్."

ఆమె అతని చెయ్యి నెట్టేసి చూసింది. ఉత్తరాన మంచు లేదు. నీళ్లు, తేలుతున్న ముక్కలు. దక్షిణం పొద్దుట ఎలా ఉందో అలాగే ఉంది.

"నేనే పంపినా... నా నోటితో నేనే పంపినా!" జాహెదా తలను బల్లకేసి కొట్టుకుంది. ఆపడం కుమార్ తరం కాలేదు.

కొత్త నంబరు నుంచి ఫోన్ మోగింది.

"అక్కా, ఊరు చేరినాం. దక్షిణం నుంచే వచ్చినాం."

"ఆ లైను తెగిపోవడమే మేలయింది రా..." అంది జాహెదా ఏడుస్తూ.

"తెగలేదక్కా. నేను ఉత్తరానికి తిరగంగానే, తాతే ఫోను గుంజుకొని నీళ్లలోకి విసిరేసినాడు."