గోడ అవతలి టీవీ

తప్పులుంటే దిద్దుకుని చదవండి. అరవై మూడో ఏట పలక పట్టినదాన్ని. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ రాస్తాను, అందుకే కథ పొట్టిది.

పొద్దున ఆరున్నరకి గోడ అవతల టీవీ ఒక్కసారిగా గొంతు చించుకుంది.

మావిస్ ఉలిక్కిపడి లేచింది. జనవరి నెల, ఇంకా తెల్లారలేదు. “ముసలాడికి చెవుడొస్తే వీధంతా వినాలా!” అని గొణుక్కుంటూ నైట్‌గౌనుతోనే మెట్లు దిగింది. ఆమె స్నానాలగది గోడకి అవతలే పక్కింటి ఆర్నల్డ్ కూర్చునే గది. లోపలికెళ్లి తలుపు దభాలున వేసి, నేల తుడిచే కర్ర అందుకుని గోడ మీద రెండు దెబ్బలు వేసింది.

రెండు దెబ్బలంటే ‘తగ్గించు’ అని. ఎత్తిపొడుపులు పక్కన పెడితే, పదకొండేళ్లుగా వాళ్లిద్దరి మధ్యా ఉన్న మాట అదొక్కటే. పెరటి కంచె మొక్కలు ఎవరు కత్తిరించాలన్న దగ్గర మొదలైంది తగువు.

“కర్ర అరిగిపోయి ఉంటుంది మావిస్, నీ పుట్టినరోజుకి కొత్తది కొనిస్తాలే” అన్నాడు ఆర్నల్డ్, ఆఖరిసారి ఎదురుపడ్డప్పుడు.

“కొను. మొదటి దెబ్బ నీ నెత్తి మీదే” అంది మావిస్.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. దెబ్బ పడితే ఆయన తగ్గించేవాడు. తగ్గించాక మళ్లీ పెంచేవాడు కాదు.

ఇవాళా తగ్గింది. హమ్మయ్య అనుకుని తలుపు పిడి తిప్పింది. పిడి చేతిలోకి ఊడొచ్చింది. దాని కడ్డీ తలుపు అవతల నేల మీద ఠంగుమని పడింది.

జడపిన్నుతో కెలికింది. పళ్ల బ్రష్షు దూర్చి తిప్పింది, అది విరిగింది. కిటికీ లేని గది. ఫోను వంటింటి బల్ల మీద ఉంది. దాని పక్కనే గుండె మాత్రలు. ఒక్కరోజు మానినా తన పూచీ లేదని డాక్టరు చెప్పి ఉన్నాడు. ఆదివారం దాకా ఈ గడప తొక్కేవాళ్లెవరూ లేరు. ఇవాళ మంగళవారం.

ఇక మిగిలింది ఆ గోడ.

కర్రతో కొట్టింది. టీవీ గొంతు ఇంకా తగ్గింది.

“తగ్గించమని కాదురా నాయనా! చిక్కుకుపోయాను! ఎవరినైనా పిలువు!”

కాసేపటికి టీవీ మళ్లీ పెరిగింది. పదకొండేళ్లలో ఎప్పుడూ లేనిది.

గదిలో గడియారం లేదు. ఆ చానెలే గడియారం అయింది. జనం కట్టే లైసెన్సు డబ్బుతో నడిచే చానెల్, ప్రకటనలు రావు. ఊపిరి తీసుకోనివ్వకుండా ఒకదాని వెనక ఒకటి. పల్లెటూళ్లో ఇల్లు వెతుక్కునే దంపతులు వచ్చారు. “తోట చిన్నదండీ” అని పెదవి విరిచారు. రోజూలాగే ఎనిమిదింటికి హీటరు దానంతటదే ఆగిపోయింది. మావిస్ రెండు తువ్వాళ్లు కప్పుకుని టబ్బు అంచు మీద కూర్చుని, వాళ్ల మూడు పడకగదుల గురించి విన్నది.

అటక మీది పాత సామాన్లు వేలం వేసే కార్యక్రమం వచ్చేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. ఎప్పుడో బడిలో నేర్పిన సంగతి గుర్తొచ్చింది. ఆపదలో ఉంటే మూడు మూడుగా కొట్టాలి. కొట్టింది. మూడు, మళ్లీ మూడు.

టీవీ మూడుసార్లు పెరిగి, మూడుసార్లు తగ్గింది.

ఆమె మొహం ఎర్రబడింది. “వెక్కిరిస్తున్నావా? నేనిక్కడ చస్తుంటే నీకు ఆటగా ఉందా!”

మళ్లీ కొట్టింది. మళ్లీ అలాగే చేశాడు.

మధ్యాహ్నం వార్తలయ్యాయి. వాతావరణం చెప్పే అమ్మాయి రేపు మంచు పడుతుందని సంబరంగా చెప్పింది. తర్వాత వంటల కార్యక్రమం. ఆర్నల్డ్‌కి వంటలంటే పడదు, ఆ వేళకి ఎప్పుడూ చానెల్ మార్చేస్తాడు. ఇవాళ మార్చలేదు. మావిస్‌కి ఆకలేసేలా చెయ్యడానికే అయి ఉంటుంది.

క్విజ్ కార్యక్రమం వేళకి ఆమె కర్ర కింద పడేసింది. ఛాతీలో సన్నగా పోటు. వీడిని బతిమాలడం కంటే చావడం నయం అనుకుని, తువ్వాలులో మొహం పెట్టుకుని ఏడ్చింది.

ఆమె దెబ్బలు ఆగిన కాసేపటికి టీవీ పెరగడం మొదలెట్టింది. పెరిగి పెరిగి ఆఖరి అంచుకి వెళ్లింది. మరి తగ్గలేదు. ఆరు గంటల వార్తల సంగీతానికి అద్దం గడగడలాడింది.

అప్పుడు ఆర్నల్డ్ వీధి తలుపు బాదుతున్న చప్పుడు. అటుపక్క ఇంటి కెల్లీ. పనినుంచి వచ్చినట్టుంది.

“ఆర్నల్డ్ తాతా! ఏంటా మోత? చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది. తలుపు తియ్యి తాతా!”

బాగా అయింది, తిట్టు తల్లీ, అనుకుంది మావిస్. కాసేపటికి వెనక తలుపు తోసిన చప్పుడు. టీవీ టక్కున ఆగింది.

మావిస్ కర్ర వెతుక్కుని ఉన్న బలమంతా పెట్టి కొట్టింది.

“ఎవరు? మావిస్ గారా?” గోడ అవతలినుంచి కెల్లీ అరిచింది.

“నేనే! తాళం చెవి పూలకుండీ కింద ఉంది! తొందరగా రా తల్లీ!”

కెల్లీ రావడానికి పది నిమిషాలు పట్టింది. కింద పడ్డ కడ్డీ దూర్చి తిప్పితే తలుపు ఇట్టే వచ్చింది. మావిస్ ముందు మాత్ర మింగింది. వీధిలో అంబులెన్సు నీలం దీపం తిరుగుతోంది.

“నాకు అంబులెన్సెందుకే? నాలుగు బిస్కెట్లూ వేడి టీ ఉంటే చాలు. ముందు వాడి సంగతి తేల్చాలి. పొద్దుట్నుంచీ కొడుతుంటే టీవీ పెంచి, తగ్గించి నన్ను ఆడించాడు!”

కెల్లీ ఆమె చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

“అంబులెన్సు మీకు కాదు మావిస్ గారూ, తాతకి... వాళ్లు చూసి చెప్పారు, పొద్దున్నే పక్షవాతం వచ్చి ఆ గోడ పక్కనే నేల మీద పడిపోయాడట, నోట మాట లేదు, ఒళ్లు మొత్తంలో ఆడుతున్నది రిమోట్ మీదున్న ఆ బొటనవేలు ఒక్కటే.”

— పెదపూడి నూకరత్నం, 72 ఏళ్లు, ప్రస్తుతం బర్న్లీ, ఇంగ్లండ్