మన విచారణ, మొదటి సంచిక

"ఈ ఇంట్లో మంచాన పడినోళ్లు ఎవురన్నా ఉండారా?"

ధర్మవరంలో మగ్గం నేసే చౌరప్ప వాకిట్లో నిలబడి అడిగాడు ఆ మనిషి. నల్ల గొంగళి, చేతిలో కట్టె, ఒక కంట్లో పువ్వు.

"మా నాయన ఉండాడు," అన్నాడు చౌరప్ప.

ఆ మనిషి లోపలికి తొంగిచూశాడు. ఇచ్చిన నీళ్లయినా ముట్టకుండా గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు.

పత్రికకు వార్తలు రాసుకుందామని వచ్చి అరుగు మీద కూర్చున్న రాయప్ప ఇదంతా చూశాడు.

రాయప్ప పెనుకొండ బడిలో పంతులు. కథోలికుల ఇళ్లలో రోజూ జరిగేది అచ్చులో చూడాలని ఆయన పిచ్చి. ఎవరి బిడ్డకు జ్ఞానస్నానమైంది, ఎవరికి పెళ్లి కుదిరింది, ఈస్టరుకు ముందు మాంసం మానేసే తపస్సు కాలం శుక్రవారాల్లో సంగటిలోకి ఏం వండుకోవాలి, అన్నీ. హిందూపురంలో ఉండే స్వామి, అంటే చర్చి ఫాదరు, చూసుకునే ఊళ్లన్నిటినీ కలిపి విచారణ అంటారు. అందుకే పత్రికకు 'మన విచారణ' అని పేరు పెట్టుకున్నాడు.

మర్నాడు స్వామి రైలు దిగి వచ్చి, చావుబతుకుల్లో ఉన్నవాళ్లకు పూసే అవస్థ నూనె చౌరప్ప నాయనకు పూశాడు. పొద్దు వాలకముందే ముసలాయన పోయాడు.

ముదిగుబ్బలోనూ అంతే. గొంగళి మనిషి వచ్చాడు, అడిగాడు, పోయాడు. స్వామి వచ్చి నూనె పూశాడు. వెనకాలే చావు వచ్చింది.

"వాడు వచ్చినాడంటే పాడె కట్టాల్సిందే పంతులయ్యా," అంది అక్కడి సిద్దమ్మ. "మా ఇండ్లకు రాడు. సిలువ ఉండే తలుపులే తడతాడు."

రాయప్ప ఆ పూటే పెనుకొండ తిరిగొచ్చాడు. ఆయన తలుపు మీదా సిలువ ఉంది. లోపల తల్లి ఆరోగ్యమ్మ జ్వరంతో పడుకుని ఉంది.

ఆమెకు కోరికంటూ ఉన్నది ఒక్కటే.

"నూనె పూయించకుండా నన్ను పంపొద్దు నాయనా. స్వామికి కబురు పెట్టు."

"పొద్దన్నే గంజి తాగినావు. నీకెందుకమ్మా నూనె? నెలాఖరు ఆదివారం స్వామే ఈడికి పూజకు వస్తాండాడు కదా, అప్పుడు చూద్దాం."

నూనె పూస్తే ఇక మనిషి లేవడని అక్కడివాళ్ల భయం. స్వామికి కబురు పెట్టడమంటే పాడెకు వెదుళ్లు తెమ్మనడమే. పంతులైతే మాత్రం, రాయప్పకూ ఆ భయం ఉంది.

హిందూపురం ప్రెస్సులో ఓబుళప్ప అక్షరాలు పేరుస్తూ అడిగాడు.

"కడాపేజీలో జానెడు జాగా మిగిలిపోయిందప్పా. ఏం పెట్టమంటావు?"

రాయప్ప ఆలోచించలేదు.

"నల్ల గొంగళి మనిషిని గడప తొక్కనీయకండి, రోగుల సంగతి వానికి చెప్పకండి అని పెట్టు."

ఓబుళప్ప చెయ్యి ఆగింది. "పాపం, వాడేం చేసినాడు?"

"వాడు పోయిన ఇంటికల్లా చావు పోతాంది."

"కాకి వాలింది, తాటిపండు రాలింది. కాకిని కొడతామంటే ఎట్టప్పా?"

"నువ్వు అచ్చెయ్యప్పా."

చావు వార్తల చుట్టూ వేసే నల్లగీత తీసి, దాని చుట్టూ బిగించాడు ఓబుళప్ప.

అచ్చులో పడిన మాటకు కాళ్లొస్తాయి. వారం తిరక్కుండానే సిలువ ఉన్న తలుపులన్నీ మూసుకున్నాయి. ముదిగుబ్బలో రాళ్లు కూడా రువ్వారని తెలిసింది. పత్రికంటే ఇట్లా పనికిరావాలి అనుకున్నాడు రాయప్ప.

శుక్రవారం ఆరోగ్యమ్మ గంజి మింగలేకపోయింది.

అప్పుడే తలుపు చప్పుడైంది.

వాకిట్లో ఆ మనిషి. నుదుటి మీద ఎండిన నెత్తురు.

"అయ్యా, ఈ ఇంట్లో మంచాన పడినోళ్లు..."

"ఎవురూ లేరు."

లోపల ఆరోగ్యమ్మ దగ్గింది. ఆ మనిషి చెవి ఒగ్గాడు.

"ఎవురో దగ్గుతాండారే."

"అది పక్కింట్లో. పో ఈడ్నించి."

ఆ మనిషి ఆయన ముఖంలోకి చూశాడు. "లేకుంటే మంచిదేనయ్యా," అని కట్టె తాటించుకుంటూ వెళ్లిపోయాడు.

రాయప్ప గడియ పెట్టాడు. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎవురు నాయనా? స్వామి వచ్చినాడా?"

"లేదమ్మా. దారిన పోయేటోడు."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

శనివారం మధ్యాహ్నం, జపమాల చేతిలో పట్టుకుని, "స్వామి వచ్చినాడా" అని ఇంకోసారి అడిగి, ఆరోగ్యమ్మ పోయింది.

ఆదివారం పూజకు వచ్చిన స్వామి తిన్నగా శవం దగ్గరికే రావలసి వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదు రాయప్పా?"

రాయప్ప తల్లి చేతిలోని జపమాల సర్దాడు. స్వామి అక్కడున్న పత్రిక తీసి తిరగేశాడు. చివరి పేజీలో నల్లగీతల దగ్గర ఆగిపోయాడు.

"చౌరప్ప నాయన సంగతి నాకెవరు చెప్పారనుకున్నావు?"

"చౌరప్పే కబురు పెట్టింటాడు స్వామీ."

"చౌరప్పా? నూనె అంటేనే భయపడి చస్తారు మీరంతా. ఎప్పుడైనా ఒక్కరైనా నన్ను పిలిచారా?"

స్వామి ఆ నల్లగీతల మధ్య మాటల మీద వేలు పెట్టాడు.

"నిన్న ఈ గొంగళి మనిషే తల పగిలి వచ్చాడు. 'ఇంక ఇండ్లకాడికి పోలేను స్వామీ, పెనుకొండ పంతులింట్లో మాత్రం ఎవురూ మంచాన లేరంట, సంతోషం' అని చెప్పి పోయాడు."

స్వామి పత్రికను మడిచి రాయప్ప చేతిలో పెట్టాడు.

"రాయప్పా, గొర్రెలు కాసుకునే పుల్లన్న, మన గుడి మెట్టు కూడా ఎక్కనివాడు, తన కన్నతల్లి తనకోసం ఎదురుచూస్తూ పోయిందని, ఆ బాధ ఇంకొకరికి వద్దని, నీ పత్రిక పుట్టకముందు నుంచీ ఈ విచారణలో మంచాన పడ్డ ప్రతి ఒక్కరి కబురూ నాకు మోసుకొచ్చింది వాడొక్కడే."