నూటపదహార్లు

లీప్‌జిగ్‌లో చదువుకుంటున్న ప్రసూన పుట్టినరోజుకి అమ్మమ్మ, పిన్ని, మావయ్యలు తలా నూటపదహారు యూరోలు పంపారు. వేరువేరు మనుషులు, ఒకటే అంకె. ఇదేదో ముఠా పని అనుకుని బ్యాంకు ఆమె ఖాతా మూసేసింది. గది తలుపు సైతం ఆ ఖాతాతోనే తెరుచుకునే కాలమది. ప్రసూన బయట మంచులో ఉండిపోయింది.

“అవి దీవెనలండీ,” అంది చెవిలో పలుకుతున్న బ్యాంకు గొంతుతో.

“దీవెనలకు మా దగ్గర పద్దు లేదు. పంపినవాళ్ళెవరో తెలియదనండి, తెరుస్తాం.”

వణుకుతూ తెలియదంది. తలుపు తెరుచుకుంది. లోపలికి వెళ్ళగానే అమ్మమ్మకి ఫోన్ చేసి భోరుమంది.

“నన్నూ అడిగారే అమ్మడూ. చలిలో ఉన్నావన్నారు. నువ్వెవరో తెలీదని నీకంటే ముందే చెప్పేశాను. ఇంక ఫోన్ చెయ్యకు తల్లీ, వింటారు.”