సమాధులు చదివే ఆవిడ

"ఏవమ్మా, మా నాన్న సమాధితో నీకేం పని?"

సెల్బీ రైడౌట్ గొంతు విని, రాతి మీద నాచు గీకుతున్న ఆవిడ తలెత్తింది. చిన్న మనిషి. పసుపు రంగు వాన కోటు. వయసు అరవై పైనే ఉంటుంది.

"తేదీ కనబడ్డంలేదు నాయనా. ఎలా పోయాడు మీ నాన్న?"

"రేవులో వల సర్దుతూ పడిపోయాడు. గుండె ఆగింది."

"ఈ పక్కన?"

"మా అన్న. హాకీ ఆడుతూ."

"ఆ పక్కన?"

"చిన్నాన్న. ఇక లే. చచ్చినవాళ్ళ కబుర్లు కావాలంటే పాస్టర్ని అడుగు."

ఆవిడ లేచి మోకాళ్ళు దులుపుకుంది.

"నాక్కావలసింది బతికున్నవాళ్ళు," అంది.

గ్యానెట్ కోవ్ కెనడా తూర్పు తీరంలో చిన్న ఊరు. సాయంత్రానికల్లా ఆవిడ సంగతి అందరికీ తెలిసిపోయింది. పేరు ఊనా కీపింగ్. సెయింట్ జాన్స్ నగరంలో గుండె జబ్బుల నర్సు. రైడౌట్ల ఇళ్ళలో మగవాళ్ళు నడివయసు దాటకుండా ఎందుకు పోతున్నారో కనుక్కుంటుందట.

ఊళ్ళో దాన్ని రైడౌట్ల రాత అంటారు. అంతకుమించి ఎవరూ ఆలోచించలేదు.

సెల్బీ ఇంటికెళ్ళేసరికి ఆవిడ వంటింట్లోనే ఉంది. వాళ్ళమ్మ మర్టిల్ పెట్టిన మొలాసిస్ పాకం కలిపిన రొట్టె తింటోంది. ఒళ్ళో సెల్బీ కూతురు ఓపల్.

"ఇక్కడికీ తయారయ్యావా!"

"అరవకురా. తడిసి ముద్దయి వచ్చింది. టీ అయినా తాగనీ," అంది మర్టిల్.

ఊనా కప్పు కింద పెట్టింది.

"ఇది రాత కాదు నాయనా, జబ్బు. తరం నుంచి తరానికి రక్తంలో దిగుతుంది. లోకం మొత్తం మీద ఏ కొద్ది కుటుంబాల్లోనో ఉంది. అందుకే ఏ డాక్టరుకీ తట్టలేదు. బాగా కొట్టుకునే గుండె ఉన్నట్టుండి గాడి తప్పుతుంది. కాస్త రక్తం ఇయ్యి, చూద్దాం."

"చూసి? ఎప్పుడు పోతానా అని ఎదురుచూస్తూ కూర్చోనా?"

"అగ్గిపెట్టంత మిషనుంది. మెడ ఎముక కింద పెడతారు. గుండె ఆగితే తన్ని లేపుతుంది."

"నాకేం? గుర్రంలా ఉన్నాను."

"మీ అన్న ఎలా ఉండేవాడు?"

సెల్బీ కూతుర్ని తీసుకోబోయాడు. ఊనా వదల్లేదు.

"నీకుంటే ఈ పిల్లకీ ఉండొచ్చు. నీకోసం వద్దులే, దీనికోసం ఇయ్యి."

సెల్బీ చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

ఇద్దరి రక్తమూ పరీక్షించారు. సెల్బీకి ఉంది. ఓపల్‌కి లేదు. రెండో మాట విన్నాక అతనికి మొదటి మాట గుర్తే లేదు. ఓపల్‌ని భుజాన వేసుకుని వాన కూడా లెక్కచెయ్యకుండా రేవు దాకా నడిచాడు.

ఊనా గుమ్మం గుమ్మం తిరిగింది. తిట్టినవాళ్ళు తిట్టారు. కుక్కని వదిలినవాళ్ళు వదిలారు. మళ్ళీ వచ్చింది. ఆ చలికాలం ముగిసేసరికి రైడౌట్ల మగవాళ్ళు చాలామంది మిషన్లు పెట్టించుకుని, క్లబ్బులో చొక్కాలు విప్పి కుట్లు చూపించుకుంటున్నారు.

"నాది నీ దానికంటే పొడుగురా!"

"పొడుగు కాదు, వంకర!"

"గుండీలు పెట్టుకోండ్రా, సిగ్గులేనివాళ్ళారా!" అని ఊనా కసిరేది. కసురుతూనే నవ్వేది.

ఏప్రిల్‌లో పీతల వేట మొదలైంది. నడిసముద్రంలో బోను పైకి లాగుతుంటే సెల్బీ కళ్ళు బైర్లు కమ్మాయి. అంతవరకే తెలుసు. తర్వాత రొమ్ము మీద గాడిద తన్నినట్టయింది. కళ్ళు తెరిస్తే పైన ఆకాశం, చుట్టూ ఏడుస్తున్న మనుషులు.

"ఎందుకురా ఏడుస్తారు? తన్నింది! ముసల్ది చెప్పినట్టే తన్నింది! మా ఇంట్లో పడి లేచిన మొదటి మగాణ్ణి నేనేరా!"

ఆ మాట ఊరంతా చెప్పుకుంది.

"ఆవిడకో మాట చెప్పి రారా," అంది మర్టిల్.

"సీజన్ అయిపోనీ అమ్మా."

సీజన్ అయ్యాక పెట్టెడు పీతలు మంచులో పెట్టుకుని సెయింట్ జాన్స్ వెళ్ళాడు. ఊనాతో పనిచేసిన డాక్టరమ్మ గది తలుపు మూసి, కూర్చోమంది.

"ఊనా పోయిన వారం వెళ్ళిపోయింది. క్యాన్సర్. మీ ఊరు తిరిగే రోజుల్లోనే తనకి తెలుసు."

సెల్బీ పీతల పెట్టె మీదే కూలబడ్డాడు.

"మీవాళ్ళు ఒప్పుకుంటే మీ ఊళ్ళో పూడ్చమంది."

"మా ఊళ్ళోనా? ఆమెకి మేమేమవుతాం?"

డాక్టరమ్మ చెప్పింది. సెల్బీ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చాలాసేపు మళ్ళీ పెట్టుకోలేదు.

శవపేటికను తన ట్రక్కులోనే తెచ్చాడు. రైడౌట్ల మగవాళ్ళు, ఒంట్లో ఆమె పెట్టించిన మిషన్లతో, మేమంటే మేమని భుజం పట్టారు. ఒక్కడూ తల దించుకుని నడవలేదు.

గొయ్యి దగ్గర మర్టిల్ కొడుకు చెయ్యి పట్టుకుని గుసగుసలాడింది.

"మంచి మనిషే, కాదన్ను. కానీ మనవాళ్ళ వరసలో, మీ నాన్న పక్కనా? ఆమె మనుషులు ఏమనుకుంటారు?"

"ఆమెకి ఎవరూ మిగల్లేదమ్మా. మొగుడు టొరంటోలో మెట్లెక్కుతూ పడిపోయాడు. తర్వాత ఇద్దరు కొడుకులూ అలాగే. అప్పుడు మొగుడి ఊరు వెతుక్కుంటూ వచ్చింది. ఆయన పేరు చెబితే మనం తలుపు తియ్యమని భయపడి, పుట్టింటి పేరు చెప్పుకుంది."

"ఎందుకు తియ్యం? ఎవర్రా ఆ మొగుడు?"

సెల్బీ రొమ్ము విరుచుకుని, ఊరందరికీ వినబడేలా చెప్పాడు.

"పడవ కోసం తాతతో కొట్లాడి ఇల్లొదిలిపోయిన మా విల్ఫ్ పెదనాన్న; ఈవిడ నీ తోడికోడలమ్మా, రైడౌట్ల ఇంటి పెద్దకోడలు!"