ఆగకుండా అవతలికి

ట్యాంకు మళ్ళీ కారింది.

ఆయన అడుగున చెయ్యి పెట్టి, వేళ్ళు వాసన చూసుకుని, మెకానిక్ వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి పక్కనున్న పెట్రోలు భగ్గుమనకపోవడం ఇద్దరి అదృష్టం.

"మూడోసారి! ఇది ట్యాంకా, జల్లెడా?"

"అతుకులో చిన్న బెజ్జం సార్. అయినా ఉన్న ట్యాంకుని కోసి, సాగదీసి, అతికించమంటే అది మాత్రం ఏం చేస్తుంది? కుక్కపిల్లకి ఏనుగు పొట్ట తగిలించినట్టుంది."

వ్యాపారాలు మనుషుల మీద వదిలేసి, యాభై ఐదో ఏట మోజుపడి కొన్న బండి అది. ఊళ్ళో తిరగడానికి కాదు. మోటారుసైకిళ్ళ మీద సముద్రం దాకా పోయే బృందం ఒకటుంది. మీసాలు రాని రోజుల నుంచీ ఆయనకి ఆ కోరిక. ఇన్నాళ్ళకి పేరు ఇచ్చాడు. వచ్చే వారమే ప్రయాణం.

చిక్కల్లా కొండదారితోనే. అవతలి పట్నం నాలుగొందల కిలోమీటర్లు. ఈ బండి మూడొందల దగ్గర చేతులెత్తేస్తుంది. మిగతావాళ్ళవి పెద్ద ట్యాంకుల బళ్ళు, ఆగనే ఆగరు. డబ్బాల్లో పెట్రోలు మొయ్యడానికి వీల్లేదు. మధ్యలో ఎవరి బండి పడుకుంటే వాళ్ళు అటునుంచి అటే ఇంటికి పొమ్మని బృందం పెద్ద ముందే చెప్పేశాడు.

పాత ట్యాంకే మళ్ళీ బిగించి, పొదుపు మీద పడ్డారు. మెకానిక్ కార్బొరేటర్‌లో పెట్రోలు తగ్గించి గాలి పెంచాడు. ఇంజను పొయ్యిలా కాగింది. గొలుసు తిప్పే ముందు స్ప్రాకెట్ తీసేసి, ఒక పన్ను ఎక్కువున్నది వేశాడు. చదును మీద బాగానే ఉంది గానీ, ఎత్తు కనబడితే బండికి ఆయాసం. బరువు తగ్గాలని గార్డులు విప్పారు, పెట్టెలు విప్పారు, వెనక ఇనప చట్రం విప్పారు.

"ఇంకేమైనా తగ్గించేది ఉందా?"

మెకానిక్ ఆయన పొట్ట వైపు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. "బండిలో అయితే లేదు సార్."

"సరసాలొద్దు."

"దారి మొత్తానికి కొండ మీద బంకు ఒకటుంది గానీ..." అంటూనే మెకానిక్ నాలిక కరుచుకున్నాడు. "వద్దులెండి. అక్కడ పోయించుకున్న బళ్ళు సగం తిరిగొచ్చి నా షెడ్డులోనే పడుకుంటాయి. పెట్రోల్లో ఏం కలిపి పోస్తాడో ఆ మహానుభావుడు! వాడి చేతులు విరగ..."

"నోటికి పని తగ్గించి చేతికి చెప్పవోయ్!" ఆయన మొహం కందగడ్డ అయింది.

ఇంట్లో భార్య ఇంకో పక్కనుంచి అంటించింది. "వారం రోజులుగా ఆ నూనె బట్టల్తో ఇల్లంతా కంపు. కొండ మీద బంకులో పోయించుకోవచ్చుగా? రోజూ ఎంతమంది పోయించుకోవడం లేదు! వాళ్ళవి మాత్రం బళ్ళు కావా?"

"వాళ్ళ సంగతి వేరు."

"ఏం వేరో!" అని మూతి తిప్పి, కంచం ముందుకి తోసింది.

శుక్రవారం పరీక్ష పెట్టుకున్నారు. సామాను బరువుకి బదులు మెకానిక్ వెనక కూర్చున్నాడు. యాభై దాటించలేదు. బస్సులు దాటిపోయాయి, ఎత్తు దగ్గర ట్రాక్టరు కూడా దాటిపోయింది. ఆఖరికి మోపెడు మీద పాలు పోసేవాడు పక్కకొచ్చి, "ఏం మామా, బండి బాలింతా?" అని పలకరించి మరీ పోయాడు. ఆయన పళ్ళు కొరికాడే గానీ యాక్సిలరేటర్ ముట్టుకోలేదు. దిగుడు వస్తే ఇంజను కూడా ఆపేశాడు.

కొండ ఎక్కేసరికి బండి రెండుసార్లు దగ్గింది. రిజర్వుకి తిప్పాడు. ఇంకాసేపు ఈడ్చి, ఆగిపోయింది.

మీటరు చూస్తే రెండొందల యాభై. ఏ మందూ మాకూ లేనప్పుడు మూడొందలు పోయిన బండి అది!

"రోగం కన్నా వైద్యం ఎక్కువైంది సార్," అన్నాడు మెకానిక్.

ఆయన హెల్మెట్టు మీదే నెత్తి బాదుకున్నాడు. ఎదురుగా వస్తున్న లారీకి చెయ్యెత్తాడు.

"పెట్రోలా? నాది డీజిలు. అదిగో, మలుపులో బంకు కనబడుతోందిగా! కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా పెద్దాయనా?" అని నవ్వుకుంటూ పోయాడు డ్రైవరు.

"తోద్దాం పట్టు," అన్నాడాయన.

"బంకుకేగా?"

"బంకు దాటి."

"దాటి ఎక్కడికి సార్? ఇంకా నూటయాభై ఉంది! ఒక్క లీటరు పోసుకుని కింద ఊరిదాకా పోయి లారీ ఎక్కిద్దాం, ఆమాత్రానికి ఇంజనేం చచ్చిపోదు. ఇల్లు చేరాక నేనే విప్పి కడుగుతాను. మీరు కాదంటే మీ బండి మీకు, నా దారి నాది."

ఎండ నడినెత్తికొచ్చింది. వచ్చే వారం ప్రయాణం కళ్ళముందే గంగలో కలిసిపోతోంది. ఆయన బండిని మలుపు వైపు తిప్పాడు.

బంకులో పైపు దగ్గర నెరిసిన మీసాల మనిషి కునికిపాట్లు పడుతున్నాడు. అలికిడికి లేచి పైపు అందుకున్నాడు.

"హెల్మెట్టు తియ్యండి సార్, ఉడికిపోతారు," అన్నాడు మెకానిక్.

ఆయన తియ్యలేదు. అద్దం కూడా ఎత్తలేదు.

"ఎంత పొయ్యమంటారు?"

"లీటరు... లీటరు చాలు," అన్నాడు లోగొంతుకతో.

ఆ గొంతు చెవిన పడగానే నెరిసిన మీసాల మనిషి ఉలిక్కిపడి, పైపు టక్కున వెనక్కి తగిలించి, రెండు చేతులూ జోడించాడు:

"అయ్యో, ఇందులోది మీకెందుకు ఓనరుగారూ, ఉండండి, నా బండిలోంచి మంచిది తీసి పోస్తాను!"